ఫ్లాష్ మెమరీ మీద రాసే కమాండ్ లైన్ టూల్ మీ చేతికొచ్చిందా? అయితే ఇది చదవండి

ఓపెన్ సోర్స్‌లో చిన్నచిన్న టూల్స్ మెయింటైన్ చేసేవాళ్లు చాలామందే ఉన్నారు, కానీ ఎస్‌డీ కార్డు, పెన్ డ్రైవ్, ఈఎంఎంసీ (బోర్డుకే అతికించి ఉండే స్టోరేజ్ చిప్), బయోస్ చిప్ లాంటివాటి మీద రాసే టూల్ సంగతి వేరే. మామూలు టూల్‌లో బగ్ ఉంటే ప్రోగ్రాం క్రాష్ అవుతుంది, యూజర్ తిట్టుకుని మళ్లీ రన్ చేస్కుంటాడు. ఇక్కడ బగ్ ఉంటే అవతలివాళ్ల పెళ్లి ఫొటోలు పోతాయి, లేదంటే లాప్‌టాప్ ఆన్ అవ్వదు, మీరు రేపు పొద్దున్నే ఫిక్స్ రిలీజ్ చేసినా వాళ్లకి ఒరిగేదేం లేదు. అందుకే నా లెక్క ఒకటే, టూల్ చేసే పనుల్లో వెనక్కి తీస్కోలేనివి ఏవో ముందు తేల్చుకోండి, వాటిని పొరపాటున ఎవరూ చేయలేనట్టు బిగించండి, మిగతావన్నీ హాయిగా జరిగిపోయేలా వదిలేయండి.

పాత మెయింటైనర్ టైం లేక వదిలేసిన టూల్ తీస్కున్నవాళ్ల కోసం రాస్తున్నా. సీ కొంచెం, గిట్ కొంచెం వస్తే చాలు. ఉదాహరణలన్నీ ఎఫ్3 (నకిలీ కార్డులు పట్టేది), ఫ్లాష్‌రోమ్ (బయోస్ చిప్పులకి), ఎంఎంసీ-యుటిల్స్ (ఈఎంఎంసీకి), ఎంటీడీ-యుటిల్స్ (నేరుగా వాడే ఫ్లాష్ చిప్పులకి), ఎన్‌వీఎంఈ-సీఎల్ఐ (ఎన్‌వీఎంఈ ఎస్ఎస్‌డీలకి), వీటి నుంచే, ఎందుకంటే వీటి కోడ్ అంతా ఓపెన్‌గానే ఉంది, వెళ్లి చూస్కోవచ్చు.

ముందు కోడ్ మార్చొద్దు, చదవండి

రిపో చేతికి రాగానే అందరికీ ఒక దురద ఉంటుంది, ఇండెంటేషన్ సరిచేద్దాం, ఫైల్ పేర్లు మారుద్దాం, బిల్డ్ సిస్టం మార్చేద్దాం అని. ఆపుకోండి. డివైస్ మీద రాసే ప్రతి చోటునీ వెతికి ఒక కాగితం మీద మూడు వరసలు వేయండి. ఒకటి, చదివేవి మాత్రమే. రెండు, రాస్తాయి కానీ బ్యాకప్ ఉంటే మళ్లీ పెట్టుకోవచ్చు. మూడు, ఒకసారి చేస్తే జన్మలో మారనివి. మూడో వరసలో చాలాసార్లు రెండు మూడే ఉంటాయి, అవి ఏ ఫంక్షన్‌లో ఉన్నాయో నిద్రలో లేపి అడిగినా చెప్పగలగాలి.

ఫ్లాష్ ఎలా పనిచేస్తుందో కూడా కాస్త తెలియాలి, లేకపోతే ప్యాచ్ రివ్యూలో దొరికిపోతారు. చెరిపితే బిట్లన్నీ 1 అవుతాయి, అందుకే ఖాళీ చిప్ చదివితే అంతా ఎఫ్ఎఫ్ కనిపిస్తుంది. రాయడం అంటే 1ని 0 చేయడమే, మళ్లీ 1 కావాలంటే బ్లాక్ మొత్తం ఎరేజ్ చేయాల్సిందే. బయోస్‌లో వాడే ఎస్‌పీఐ నార్ చిప్పుల్లో సాధారణంగా 256 బైట్ల చొప్పున రాస్తాం, చెరపడం మాత్రం కనీసం 4 కేబీ. పాత రకం నాండ్ (పెన్ డ్రైవ్, కార్డుల్లో ఉండే రకం ఫ్లాష్) చిప్పుల్లో 2048 బైట్ల పేజీ, పక్కన ఇంకో 64 బైట్లు స్పేర్, అలాంటి పేజీలు 64 కలిపితే 128 కేబీ ఎరేజ్ బ్లాక్. అంటే యూజర్ ఒక్క బైట్ మార్చమన్నా టూల్ లోపల బ్లాక్ చదివి, చెరిపి, మార్చి రాస్తుంది, ఆ చెరపడానికీ రాయడానికీ మధ్యలో కరెంట్ పోతే పక్కనున్న డేటా కూడా గోవిందా. ఇది డాక్యుమెంటేషన్‌లో రాసి ఉందా లేదా చూడండి, లేకపోతే మీ మొదటి కమిట్ అదే.

బగ్ రిపోర్టులు

"పని చేయట్లేదు అన్నా" అని ఒక్క లైన్, కింద ఫోన్‌తో తీసిన స్క్రీన్ ఫొటో. ఇలాంటివి వస్తూనే ఉంటాయి, కోప్పడి లాభం లేదు, టెంప్లేట్ పెట్టండి. అందులో టూల్ వర్షన్, కెర్నల్ వర్షన్, వెర్బోస్ మోడ్‌లో వచ్చిన మొత్తం లాగ్ టెక్స్ట్‌గా, అదే టైంలో కెర్నల్ లాగ్‌లో పడిన లైన్లు అడగండి. కార్డు అయితే ఏ రీడర్, మధ్యలో యూఎస్‌బీ హబ్ ఉందా అన్నది కూడా. సగం కేసుల్లో తప్పు రీడర్‌దో కేబుల్‌దో అని తేలుతుంది, ఇంకో రీడర్‌లో పెట్టి చూడమని టెంప్లేట్‌లోనే రాసేస్తే చాలామంది టికెట్ వేయకుండానే వెళ్లిపోతారు.

కొన్ని లాగ్‌లు చూడగానే జవాబు తెలిసిపోతుంది. ఎస్‌పీఐ చిప్ ఐడీ అడిగితే ఎఫ్ఎఫ్ ఎఫ్ఎఫ్ ఎఫ్ఎఫ్ అని వచ్చిందా, లేదా 00 00 00 అని వచ్చిందా, అక్కడ చిప్ మాట్లాడట్లేదు, అంతే. క్లిప్ సరిగ్గా పట్టలేదు, లేదా వైర్లు బారెడు పొడుగున్నాయి, లేదా బోర్డు మీద మిగతా సర్క్యూట్ కరెంట్ లాగేస్తోంది. అడిగిన ప్రతిసారీ ఐడీ మారుతోందంటే అది కూడా కనెక్షన్ గొడవే, మీ కోడ్ వైపు చూడకండి. లాప్‌టాప్ రిపేర్ షాపుల్లో అందరి దగ్గరా ఉండే ఆ నల్ల సీహెచ్341ఏ ప్రోగ్రామర్ (చిప్ మీద రాసే చిన్న యూఎస్‌బీ పరికరం) ఉంది చూశారూ, దాని చాలా బోర్డుల్లో పవర్ 3.3 వోల్ట్ ఇచ్చినా డేటా లైన్లు 5 వోల్ట్‌తో నడుస్తాయి, 1.8 వోల్ట్ చిప్‌కి అడాప్టర్ లేకుండా తగిలిస్తే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. సాఫ్ట్‌వేర్‌తో ఇది ఆపలేం, కానీ రీడ్‌మీలో పైనే, కిందెక్కడో కాదు పైనే, రాయగలం.

ఇంకో రకం రిపోర్ట్ అయితే పండగలాగా ఏడాది ఏడాదీ వస్తుంది. "64 జీబీ కార్డు కొన్నా, మీ టూల్ 59 జీబీయే అంటోంది, కార్డు నకిలీనా?" కాదు. కంపెనీ వాళ్లు జీబీ అంటే 100 కోట్ల బైట్లు, టూల్ వేసే లెక్కలో 107 కోట్ల చిల్లర, 64ని అలా భాగిస్తే 59.6 వస్తుంది. దీనికి ప్రతిసారీ జవాబు టైప్ చేస్తూ కూర్చోకండి, టూల్ అవుట్‌పుట్‌లోనే రెండు లెక్కలూ పక్కపక్కన ప్రింట్ చేయించండి, బైట్లతో సహా.

హార్డ్‌వేర్ లేకుండా టెస్ట్ చేయడం

ఈ పని మీద ఎంత టైం పెట్టినా తక్కువే. ప్రపంచంలో ఉన్న చిప్పులన్నీ మీ టేబుల్ మీద ఉండవు, ఉన్నా ప్రతి కమిట్‌కీ వాటిని అరగదీయలేరు. అదృష్టం ఏంటంటే లినక్స్‌లో దొంగ డివైస్‌లు తయారుచేస్కునే ఏర్పాట్లు బోలెడున్నాయి.

నకిలీ కార్డులు పట్టే టూల్ అయితే ఎస్‌సీఎస్ఐ-డీబగ్ అనే కెర్నల్ మాడ్యూల్ బంగారం. ర్యామ్‌లో కొన్ని ఎంబీలే తీస్కుని, వర్చువల్ జీబీ అనే ఆప్షన్‌తో బయటికి మాత్రం ఎన్ని జీబీలంటే అన్ని జీబీలున్నట్టు చూపిస్తుంది, అవతల రాసిందంతా చుట్టూ తిరిగి మళ్లీ మొదట్లోనే పడుతుంది. బజార్లో దొరికే నకిలీ పెన్ డ్రైవ్‌లలో ఒక రకం చేసేది అచ్చం ఇదే. ఎఫ్3 వాళ్లయితే ఇంకా ముందుకెళ్లి ప్రోబ్ టూల్ లోపలే ఉత్తుత్తి డివైస్ పెట్టారు, అసలు సైజు ఇంత, చెప్పే సైజు ఇంత అని ఇచ్చి యూనిట్ టెస్ట్ నడుపుకోవచ్చు.

నాండ్ టూల్స్‌కి నాండ్‌సిమ్ ఉంది. బ్యాడ్ బ్లాకులు, త్వరగా అరిగిపోయే బ్లాకులు, చదివేటప్పుడు తిరగబడే బిట్లు, అన్నీ ఆప్షన్లతో పెట్టుకోవచ్చు. ఫ్లాష్‌రోమ్‌లో డమ్మీ ప్రోగ్రామర్ అని ఒకటుంది, చిప్‌ని ర్యామ్‌లో ఎమ్యులేట్ చేస్తుంది, కావాలంటే ఫైల్‌లో సేవ్ చేస్తుంది. ఎన్‌వీఎంఈకైతే క్యూఈఎంయూ (కంప్యూటర్ లోపల ఉత్తుత్తి కంప్యూటర్ నడిపే ప్రోగ్రాం) ఇచ్చే వర్చువల్ డ్రైవ్ సరిపోతుంది. ఒక్క ఇబ్బంది, సీఐ (ప్రతి కమిట్‌కీ తనంతట తానే టెస్టులు నడిపే ఏర్పాటు) కంటైనర్లలో కెర్నల్ మాడ్యూల్ ఎక్కించడం మామూలుగా కుదరదు, కాబట్టి ఆ టెస్టులు క్యూఈఎంయూ లోపల నడిచేలా రాస్కోండి, కొంచెం నిదానమైనా ఎక్కడైనా నడుస్తాయి.

ఇక్కడే పెద్ద గుంట ఒకటుంది, పేజ్ క్యాష్. మీరు డివైస్ మీద రాశారు, వెంటనే చదివారు, రెండూ ఒకటే వచ్చాయి, టెస్ట్ పాస్. కానీ చదివింది కార్డు నుంచి కాదు, కంప్యూటర్ ర్యామ్‌లో కెర్నల్ దాచుకున్న కాపీ. నకిలీ కార్డు కూడా దర్జాగా పాస్ అయిపోతుంది. అందుకే రాశాక సింక్ చేసి, ఆ పేజీలు ఇక అక్కర్లేదని కెర్నల్‌కి చెప్పి క్యాష్ వదిలించాలి, లేదా డైరెక్ట్ ఐఓతో ఓపెన్ చేసి సెక్టర్ సైజుకి అలైన్ చేసిన బఫర్‌తో చదవాలి. అక్కడితో కూడా అయిపోలేదు, కార్డు కంట్రోలర్‌లోనే క్యాష్ ఉండొచ్చు, కాబట్టి రాసింది వెంటనే కాకుండా మధ్యలో ఇంకా చాలా డేటా రాసి ఆ తర్వాత వెనక్కొచ్చి చదవాలి. ఎవరైనా "స్పీడ్ పెంచా" అని ప్యాచ్ పంపితే నేను ముందు చూసేది ఇదే, సింక్ గానీ క్యాష్ వదిలించే లైన్ గానీ తీసేశారా అని. స్పీడ్ అక్కడినుంచే వస్తుంది మరి.

వెరిఫికేషన్‌లో ఫెయిల్ అయిందని ఒక్క ముక్క చెప్పి వదిలేయకుండా ఎలా ఫెయిల్ అయిందో చెప్పించండి. ఎఫ్3రీడ్ దీన్ని భలే చేస్తుంది, పోయిన సెక్టర్లని మూడు రకాలుగా లెక్కపెడుతుంది, పూర్తిగా చెడిపోయినవి, కొద్దిగా మారినవి, ఇంకో చోటి డేటా వచ్చి పడినవి. మూడోది ఎక్కువుంటే సైజు అబద్ధం, రెండోది ఎక్కువుంటే చిప్ అరిగిపోతోందనో కనెక్షన్ బాలేదనో అనుమానించొచ్చు. ప్రతి సెక్టర్‌లో దాని అడ్రస్ నుంచి పుట్టిన ప్యాటర్న్ రాస్తేనే ఇది కుదురుతుంది, అంతా సున్నాలు రాసి సున్నాలు చదివే టెస్ట్ దేన్నీ పట్టలేదు.

వెనక్కి రాని పనులు

ఈఎంఎంసీలో కొన్ని రిజిస్టర్ బైట్లు ఒక్కసారే రాయగలం. ఎక్స్‌టెండెడ్ సీఎస్‌డీ అని 512 బైట్ల టేబుల్ ఉంటుంది, అందులో 162వ బైట్ హార్డ్‌వేర్ రీసెట్ పిన్‌ది, ఎనేబుల్ అంటే శాశ్వతంగా ఎనేబుల్, డిసేబుల్ అంటే శాశ్వతంగా డిసేబుల్. 155వ బైట్ పార్టిషన్ సెట్టింగ్ పూర్తయిందని చెప్పేది, అది పడి పవర్ తీసి పెడితే ఆ విభజన ఇక చిప్ బతికున్నంత కాలం అంతే. ఎంఎంసీ-యుటిల్స్ వాళ్లు దీనికి పెట్టిన పద్ధతి నాకు బాగా నచ్చుతుంది, ఎన్‌హాన్స్‌డ్ ఏరియా సెట్ చేసే కమాండ్ ఖాయం చేయమని ఆప్షన్‌తో స్పష్టంగా చెప్తే తప్ప ఫైనల్ చేయదు, మామూలుగా అది డ్రై రన్ మాత్రమే. మీ టూల్‌లో కూడా మూడో వరస కమాండ్లన్నీ ఇలాగే ఉండాలి.

"నిజంగా చేయమంటారా, వై లేదా ఎన్" అని అడిగే ప్రాంప్ట్‌ని మాత్రం నమ్ముకోకండి. జనాలు వేలికి అలవాటైపోయి వై కొట్టేస్తారు, స్క్రిప్టుల్లో ఎస్ అని పైప్ చేసేస్తారు. దానికంటే డివైస్ పేరో సీరియల్ నంబర్‌లో చివరి నాలుగు అంకెలో టైప్ చేయించడం మేలు. ఫ్లాష్‌రోమ్ అయితే పాత వర్షన్లలో లాప్‌టాప్ అని కనిపెట్టగానే ఆగిపోయేది, బలవంతంగా ముందుకెళ్లాలంటే ఫోర్స్_ఐ_వాంట్_ఎ_బ్రిక్ అని పూర్తిగా టైప్ చేయాలి. అంత టైప్ చేశాక తర్వాత వచ్చి నాకు తెలీదని ఎవడూ అనలేడు కదా.

మౌంట్ అయి ఉన్న డ్రైవ్ మీద రాయకుండా ఆపడం ఇంకా ఈజీ, కానీ చాలా టూల్స్‌లో ఇది ఉండదు. లినక్స్‌లో బ్లాక్ డివైస్‌ని ఎక్స్‌క్లూజివ్ ఫ్లాగ్‌తో ఓపెన్ చేస్తే, అది అప్పటికే మౌంట్ అయి ఉంటే కెర్నలే బిజీ అని తిప్పి పంపేస్తుంది. ఒక్క ఫ్లాగ్, ఒక్క ఎర్రర్ మెసేజ్, మధ్యరాత్రి తప్పు డ్రైవ్ లెటర్ కొట్టినవాళ్ల సిస్టం డిస్క్ బతికిపోతుంది. నాండ్‌లో యూబీఐ (బ్లాకులన్నీ సమానంగా అరిగేలా చూసే లినక్స్ లేయర్) వాడేవాళ్లకి ఇంకో మాట, మామూలు ఎరేజ్ కమాండ్‌తో తుడిచేస్తే ఏ బ్లాక్ ఎన్నిసార్లు అరిగిందో ఆ లెక్క కూడా పోతుంది, యూబీఐఫార్మాట్ అయితే ఆ కౌంటర్లు కాపాడుతుంది. మీ డాక్యుమెంటేషన్‌లో పాత కమాండ్ ఉంటే ఇవాళే మార్చండి.

కొత్త చిప్ చేర్చమని ప్యాచ్ వస్తే

టేబుల్‌లో ఒక ఎంట్రీ చేర్చే ప్యాచ్ చూడ్డానికి పది లైన్లే, కానీ అందులో తప్పుంటే ఎవరి బోర్డో పోతుంది. డేటాషీట్ తెరిచి మీరే సరిచూస్కోండి. విన్‌బాండ్ 64 మెగాబిట్ చిప్ ఐడీ ఈఎఫ్ 40 17, గిగాడివైస్‌ది సీ8 40 17, మొదటి బైట్ తయారీదారు, చివరి బైట్ రెండు ఘాతంలో సైజు, 17 హెక్స్ అంటే 23, రెండు టు ద పవర్ 23 అంటే 8 ఎంబీ. అన్ని కంపెనీలూ ఈ చివరి బైట్ పద్ధతి పాటిస్తాయన్న గ్యారంటీ లేదు, అందుకే డేటాషీట్ అంటున్నా. ఒకే ఐడీతో రెండు మూడు మోడళ్లు కూడా ఉంటాయి, మాక్రోనిక్స్‌లో ఇది మామూలే, అప్పుడు టూల్ ఊహించకుండా ఆగి ఏ చిప్పో యూజర్‌నే చెప్పమనాలి. 16 ఎంబీ దాటిన చిప్ అయితే మూడు బైట్ల అడ్రస్ సరిపోదు, నాలుగు బైట్ల మోడ్ ఎలా ఆన్ అవుతుందో ప్యాచ్‌లో ఉందో లేదో చూడండి, లేకపోతే పైభాగంలో రాయాల్సింది కిందభాగంలో పడుతుంది.

ప్యాచ్ పంపినాయన ఏం టెస్ట్ చేశాడో కూడా రికార్డ్ చేయండి. గుర్తుపట్టడం, చదవడం, చెరపడం, రాయడం, ఈ నాలుగింటికీ ఫ్లాష్‌రోమ్ విడివిడిగా స్టేటస్ పెట్టుకుంటుంది. "చదివా, బానే ఉంది" అంటే చదవడమే టిక్ పెట్టండి, మొహమాటానికి పోయి నాలుగూ పెట్టేయకండి.

అవుట్‌పుట్ మార్చేముందు

మీరు మనుషుల కోసం ప్రింట్ చేసిన లైన్‌ని ఎక్కడో ఒక స్క్రిప్ట్ ఆక్ కమాండ్‌తో కోసి వాడుతూ ఉంటుంది, స్పెల్లింగ్ సరిచేసినా విరిగిపోతుంది. కాబట్టి వీలైనంత త్వరగా జేసన్ అవుట్‌పుట్ ఒకటి ఇవ్వండి, దాని కీ పేర్లు ఇక మార్చనని మాటివ్వండి, ఎగ్జిట్ కోడ్‌లు మ్యాన్ పేజీలో రాయండి. డివైస్ చెడిపోయింది, డివైస్ దొరకలేదు, పర్మిషన్ లేదు, ఈ మూడూ ఒకే కోడ్‌తో వస్తే మానిటరింగ్ స్క్రిప్ట్ రాసేవాడు మిమ్మల్ని గుర్తుచేస్కుంటూనే ఉంటాడు.

సంఖ్యల అర్థం కూడా టూల్ బాధ్యతే. ఈఎంఎంసీ 5.0 నుంచి 268, 269 బైట్లలో ఆయుష్షు అంచనా ఉంటుంది, 1 అంటే 0 నుంచి 10 శాతం వాడారని, హెక్స్ ఏ అంటే 90 నుంచి 100, హెక్స్ బీ అంటే అంచనా దాటిపోయిందని. దీన్ని "ఆరోగ్యం 10 శాతం" అని ప్రింట్ చేస్తే కొత్త చిప్ ఉన్నవాడికి గుండె ఆగుతుంది. రేంజ్‌ని రేంజ్‌లాగే చూపించండి. ఎన్‌వీఎంఈలో ఇంకో తమాషా, వాడిన శాతం 100 దాటి 255 దాకా వెళ్లొచ్చు, ఉష్ణోగ్రత కెల్విన్‌లో వస్తుంది, రాసిన డేటా యూనిట్ ఒక్కోటి 5,12,000 బైట్లు, అంటే 20 లక్షల యూనిట్లంటే 1.024 టీబీ. పైగా ఆ కౌంటర్ 128 బిట్లది, 64 బిట్లలోకి కుదించి ప్రింట్ చేసే కోడ్ కనిపిస్తే సరిచేయండి.

ఈ అంకెలు ఎవరికి కావాలి అంటారేమో. 2021లో టెస్లా సుమారు 1,35,000 మోడల్ ఎస్, మోడల్ ఎక్స్ కార్లు రీకాల్ చేసింది, కారణం స్క్రీన్ కంప్యూటర్‌లోని 8 జీబీ ఈఎంఎంసీ రాసీ రాసీ అరిగిపోవడం. స్క్రీన్ పోతే రివర్స్ కెమెరా కూడా పోతుంది. మీ టూల్‌ని ఎవరు ఏ డబ్బాలో పెట్టి నడుపుతున్నారో మీకు ఎప్పటికీ తెలీదు.

రిలీజ్

తక్కువ మార్పులతో తరచుగా రిలీజ్ చేయండి, రాసే లాజిక్ మారిన రిలీజ్‌లో ఇంకేం కలపకండి, అప్పుడే గొడవైతే ఎక్కడ మొదలైందో దొరుకుతుంది. ట్యాగ్‌కి సంతకం పెట్టండి, టార్‌బాల్ (రిలీజ్ కోడ్ అంతా కట్టిన ప్యాక్) గిట్ నుంచే నేరుగా పుట్టాలి, ఎవరైనా మళ్లీ తయారుచేస్తే అదే రావాలి. 2024 మార్చిలో ఎక్స్‌జెడ్ (ఫైళ్లు కుదించే టూల్) వ్యవహారం గుర్తుందిగా, 5.6.0, 5.6.1 వర్షన్లలో బ్యాక్‌డోర్‌ని నడిపించే బిల్డ్ స్క్రిప్ట్ ముక్క టార్‌బాల్‌లో ఉంది, గిట్‌లో లేదు. ఎస్ఎస్‌హెచ్ లాగిన్ అర సెకను ఆలస్యమవుతోందేంటా అని ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే డెవలపర్ తవ్వబట్టి బయటపడింది. మన టూల్స్ రూట్ పర్మిషన్‌తో నడుస్తాయి, అది మర్చిపోవద్దు.

32 బిట్ బోర్డుల మీద బిల్డ్ చేసి చూడండి, పాత రౌటర్లలో ఇంకా అవే ఉన్నాయి, ఫైల్ ఆఫ్‌సెట్ 64 బిట్ చేయకపోతే 2 జీబీ దాటగానే లెక్క తప్పుతుంది. వేరే ప్రాజెక్ట్ నుంచి కోడ్ తెచ్చుకునేటప్పుడు లైసెన్స్ చూడండి, జీపీఎల్ రెండు మాత్రమే అని రాసి ఉన్న ఫైల్‌ని ఎఫ్3 లాంటి జీపీఎల్ మూడు టూల్‌లో కలపడం కుదరదు.

తోడు వెతుక్కోవడం, దిగిపోవడం

ఒక్కళ్లే లాగితే అలిసిపోతారు, కానీ అలిసిపోయి ఉన్నప్పుడు ఎవరో వచ్చి ఒత్తిడి పెడితే కమిట్ హక్కులు ఇచ్చేయడం కూడా ప్రమాదమే, ఎక్స్‌జెడ్‌లో జరిగింది అదే. కొత్తవాళ్లకి ముందు టికెట్లు సర్దడం, డాక్యుమెంటేషన్, టెస్టులు ఇవ్వండి, ప్యాచ్‌లు రివ్యూ చేయనివ్వండి, రాసే కోడ్‌లో కమిట్ హక్కు చివరగా ఇవ్వండి. ఎంత నమ్మకమున్నా మూడో వరస ఫంక్షన్లలో మార్పుకి ఇద్దరి ఓకే తప్పనిసరి చేయండి, మీతో సహా.

ఇక కుదరట్లేదు అనుకుంటే నిశ్శబ్దంగా మాయమవ్వకండి. రీడ్‌మీ మొదటి లైన్‌లో మెయింటైనర్ కావాలని రాయండి, డెబియన్, ఆర్చ్ ప్యాకేజీ చూసేవాళ్లకి ఒక మెయిల్ పెట్టండి, వాళ్ల దగ్గర పేరుకుపోయిన లోకల్ ప్యాచ్‌లుంటే ముందు అవి తెచ్చి కలపండి. ఏ చిప్పులు నిజంగా టెస్ట్ అయ్యాయి, ఏవి పేపర్ మీదే ఉన్నాయి అన్న లిస్టు, సగంలో ఉన్న బ్రాంచ్‌లు, మూడు వరసల ఆ కాగితం, ఇవన్నీ రిపోలోనే ఒక ఫైల్‌లో పెట్టేయండి. మీ సంతకం పెట్టే రహస్య కీ మాత్రం ఎవరికీ ఇవ్వకండి, తర్వాత వచ్చేవాళ్లు సొంతది చేస్కుంటారు, మీరు చేయాల్సిందల్లా మీ చివరి రిలీజ్ నోట్‌లో వాళ్ల కీ ఫింగర్‌ప్రింట్ రాసి దాని మీద మీ పాత కీతో సంతకం పెట్టడమే.